సెమీ క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు



వచ్చే ఆదివారం, 2024 డిసెంబర్ 1న, ఆగమన కాలం మొదలవుతుంది. క్రైస్తవ సంవత్సరానికి అదే ఉగాది. జనవరి 1 కంటే నెల ముందే సంఘానికి కొత్త సంవత్సరం వస్తుంది. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసో గాని, సెమీ క్రిస్మస్ తేదీలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. జంక్షన్‌లో నాలుగు రోడ్ల మీదా ఫ్లెక్సీలు లేచాయి. నూజివీడు రోడ్డులో ఒకటి, గుడివాడ రోడ్డులో రెండు, ఏలూరు వైపు సర్వీసు రోడ్డులో ఇంకొకటి. మాకు అందిన ఆహ్వానాలు వరసగా పెట్టి చూస్తే డిసెంబర్ 2 నుంచి 23 దాకా ఖాళీగా ఉన్న సాయంత్రాలు నాలుగే. పిలిచినవాళ్లంతా ప్రేమతోనే పిలిచారు. కొన్నింటికి వెళతాం కూడా. అయినా మా మనసులో ఉన్న మాట ఈసారి రాసి పెట్టాలనిపించింది. పోయిన నెల పెద్దల కూటంలో దీని మీదే కాస్త మాట పెరిగింది గనుక, అక్కడ లేనివాళ్లకు కూడా సంగతి తెలియాలి.

ఆ కూటంలో రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒక పెద్దాయన, "ఆగమన కాలం, శ్రమల దినాలు, మట్టల ఆదివారం, ఇవన్నీ బైబిల్లో ఎక్కడున్నాయి పాస్టర్ గారూ? అపొస్తలులు చేశారా?" అని అడిగారు. ఆయన ప్రశ్న చల్లారకముందే యవ్వనస్థుల తరఫున ఒక తమ్ముడు లేచి, "అందరూ సెమీ క్రిస్మస్ చేస్తున్నారు, మనం ఒక్కళ్లమే చేయట్లేదు, మన పిల్లలు వేరే స్టేజీలెక్కి డ్యాన్సులు చేస్తున్నారు" అన్నాడు. ఒకరికి మనం ఆచరించే దినాలు ఎక్కువైపోయాయి, ఇంకొకరికి తక్కువైపోయాయి. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఒకచోటే ఉందని మా అభిప్రాయం.

ముందు పెద్దాయన ప్రశ్న. ఆయన ఊరికే తగువు కోసం అడిగింది కాదు. ఆయన తాతల కాలం నుంచి వాళ్లది బ్రదరన్ కుటుంబం. 1836లో గ్రోవ్స్ గారితో కలిసి ఇండియాకి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో నరసాపురం వైపు పని ప్రారంభించాయి. వారానికి ఒక్క ప్రభువు దినం, ప్రతి ఆదివారం రొట్టె విరవడం, అంతే వాళ్ల పంచాంగం. క్రిస్మస్ అయినా ఈస్టర్ అయినా వాళ్లకు ఆదివారం కంటే గొప్పవి కావు. ఆ తర్వాత అయిదేళ్లకు, 1841లో, ఫాక్స్ గారూ నోబుల్ గారూ మచిలీపట్నంలో దిగారు. వాళ్లు చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు, అంటే ఇంగ్లండు చర్చి ప్రార్థనా పుస్తకం చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఆ పుస్తకంలో ఏడాది పొడుగునా ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో, ఏ ప్రార్థన చేయాలో వరసగా ఉంటుంది. మరుసటి ఏడు 1842లో హయ్యర్ గారు గుంటూరు చేరారు. లూథరన్లకూ ఆ వరస ఉంది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు సి.ఎస్.ఐ. వాళ్లు ఆ సంప్రదాయాన్ని నిలుపుకున్నారు.

మన జంక్షన్ ఈ రెండు పాయలూ కలిసే చోట ఉంది. సి.ఎస్.ఐ. ఇంట్లో పుట్టిన పిల్ల బ్రదరన్ ఇంటికి కోడలుగా వస్తుంది, లూథరన్ అల్లుడు బాప్టిస్టు అత్తగారింట్లో ఉంటాడు, ఆదివారం అందరూ కలిసి మన మందిరంలో కూర్చుంటారు. 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లు ఎత్తిపోసి కృష్ణలో కలుపుతున్నారు గదా, ఆ నీళ్లలో ఏది గోదావరి, ఏది కృష్ణ అని మన చేను అడగదు. అడిగే హక్కు మాత్రం పెద్దాయనకు ఉంది, అడగాలి కూడా.

ఆయన పక్షాన పౌలు ఉన్నాడు. గలతీ సంఘం దినాలనూ నెలలనూ పట్టుకుని వేలాడుతుంటే తన కష్టం వృథా అయిపోయిందేమోనని అపొస్తలుడు భయపడ్డాడు, నాలుగో అధ్యాయం చూడండి. కొలొస్సయులకు రాస్తూ పండుగల విషయంలో మిమ్మల్ని ఎవరూ తీర్పు తీర్చనియ్యవద్దన్నాడు. అయితే అదే పౌలు రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో, ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నిటినీ సమానంగా ఎంచుతాడు, ఎవడి మనసులో వాడు రూఢిపరచుకోవాలి, ఇద్దరూ ప్రభువు కోసమే చేస్తున్నారు అన్న అర్థంలో రాశాడు. గలతీ వాళ్లను మందలించింది ఎందుకు? ఆ దినాలు ఆచరించకపోతే రక్షణ లేదని వాళ్లు నమ్మబట్టి. శ్రమల దినాలు పాటించకపోతే నరకానికి పోతారని ఈ పుల్పిట్ మీద నుంచి ఎవరైనా చెబితే మందలింపు మనకూ తగులుతుంది. ఆ మాట మేము చెప్పలేదు, చెప్పం.

ఇంకో మాట ప్రేమతోనే అంటున్నాం. దినాలు వద్దనేవాళ్లకీ దినాలు ఉన్నాయి. భక్త్‌సింగ్ గారి హెబ్రోను సహవాసంలో క్రిస్మస్ ఉండదు గాని, లేవీయకాండం 23వ అధ్యాయం ఆధారంగా ఏటేటా పరిశుద్ధ కూటాలు ఉంటాయి. వేలమంది రోజుల తరబడి కలిసి తిని, కలిసి ప్రార్థించి వెళతారు. అందులో తప్పేమీ లేదు, చాలా మంచి సంగతి. మనుషులన్నాక ఏడాదికొకసారి ఎదురుచూసే రోజు ఒకటి కావాలి. ఇశ్రాయేలీయులకు పస్కా ఇచ్చినప్పుడు, రేపు మీ పిల్లలు ఇదేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పండి అని దేవుడే అన్నాడు. పిల్లవాడు అడగాలంటే ఇంట్లో ఆ రోజు ఏదో ఒకటి వేరుగా కనపడాలి గదా.

డిసెంబర్ 25 గురించి ఫోన్లలో తిరిగే వీడియోల మీద ఎక్కువ రాయం. అది రోమీయుల సూర్యుని పండుగ, దాన్ని మనవాళ్లు దొంగిలించారని అంటుంటారు. క్రీస్తు జననాన్ని ఆ తేదీన గుర్తు చేసుకున్నట్టు 336 నాటి రోమా లెక్కలో ఉంది. ఆ లెక్క మనకు 354లో తయారైన ఒక పంచాంగంలో దొరికింది. సూర్యుని పండుగ 25న జరిగిందని చెప్పేది కూడా అదే పంచాంగం. ఏది ముందో ఏది వెనకో పండితులే తేల్చలేదు. మార్చి 25న గర్భధారణ అని ఎంచి, దానికి తొమ్మిది నెలలు కలిపారనే వాదం కూడా గట్టిదే. యేసు ఏ తేదీన పుట్టాడో బైబిల్ చెప్పలేదు. పుట్టాడని మాత్రం చెప్పింది. మనం ఆ పుట్టుకను గుర్తు చేసుకుంటున్నాం, తేదీని కాదు.

సరే, ఈ వరస వల్ల మనకు మేలేమిటి? మన డెల్టా మనిషికి కాలువ సంగతి చెబితే తొందరగా అర్థమవుతుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టకముందు కూడా కృష్ణలో నీళ్లున్నాయి. నదికి దగ్గరగా ఉన్నవాడికి వరద, దూరంగా ఉన్నవాడికి కరువు. ఆనకట్ట వచ్చాక, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, నీళ్లు కొత్తగా పుట్టలేదు. ఉన్న నీళ్లకు దారి ఏర్పడింది. ఆ దారి ఉన్నా శివారు భూముల గొడవ మనకు తెలిసిందే. తలకట్టున ఉన్నవాడు తూము ఎత్తుకుంటే చివరి ఎకరానికి చుక్క రాదు. వంతు పెట్టి, లస్కరు నిలబడి చూస్తేనే శివారు తడుస్తుంది.

పాస్టర్‌కి వరస లేకపోతే ఏం జరుగుతుందో మా సంగతే చెబుతున్నాం, ఇంకొకరిని అనడం లేదు. ఇష్టమైన వాక్యాలు పది పదిహేను ఉంటాయి. దీవెన మీద నాలుగు, విశ్వాసం మీద నాలుగు, కానుకల మీద రెండు. తూము అక్కడే ఎత్తుకుని కూర్చుంటాం. శిశువుల్ని చంపించిన హేరోదు గురించి, పేతురు ఏడుపు గురించి, శనివారం నాడు సమాధిలో పడి ఉన్న ప్రభువు గురించి ఏ ఏడాది చెప్పాలనిపిస్తుంది? చెబితే కానుకల పెట్టె బరువెక్కదు. క్రైస్తవ సంవత్సరం మెడ మీద చెయ్యి వేసి, ఈ ఆదివారం ఇది చెప్పు అంటుంది. రక్షకుడి రాకడ దగ్గర మొదలుపెట్టి, పుట్టుక, అన్యజనులకు ప్రత్యక్షత, శ్రమలు, మరణం, పునరుత్థానం, ఆరోహణం, ఆత్మ కుమ్మరింపు దాకా ఆరు నెలల్లో మొత్తం సువార్త ఒక చుట్టు వస్తుంది. చదువు రాని ముసలమ్మ కూడా, వెనక బెంచీలో నిద్రపోయే కూలివాడు కూడా, ఏడాదికొకసారి ఆ మొత్తం కథలో తడుస్తారు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ పాటల్ని జననం, శ్రమలు, పునరుత్థానం అంటూ విభాగాలుగా పెట్టారు. దినాలు వద్దనే సంఘాల్లోనూ ఆ పుస్తకం తెరుస్తారు. అంటే కాలువ అక్కడా ఉంది.

ఇక ఈ వరస విదేశాల్లో తయారైంది, మన వాతావరణానికి అతకదు అనేవాళ్లున్నారు. మంచు, బొగ్గుల కుంపటి, దేవదారు చెట్టు మనవి కావు, ఒప్పుకుంటాం. మన మందిరంలో దూది అంటించిన ప్లాస్టిక్ చెట్టు చూస్తే మా ఇద్దరికీ నవ్వొస్తుంది. కాని ఆ చెట్టు తీసేసి చూడండి, కింద ఉన్న సంవత్సరం మన పొలాలకు ఎంత బాగా అతుకుతుందో. మన రైతు ఎలాగూ మూడు నాలుగు పంచాంగాలతో బతుకుతున్నాడు. బ్యాంకు అప్పుకు మార్చి 31, విత్తనానికి కార్తె, పెళ్లికి ముహూర్తం. ఇంకొకటి పెద్ద బరువు కాదు.

పెంతెకొస్తు సంగతి చూడండి. యూదులకు అది గోధుమ కోతల పండుగ. మనకది నీళ్ల కోసం ఎదురుచూసే రోజు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. పిల్లలు కాలువలో క్రికెట్ ఆడతారు. దానికి పది రోజుల ముందు గురువారం నాడు వచ్చే ఆరోహణ పండుగకు మందిరంలో పాతికమంది కూడా ఉండరు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి ఎవరిని తప్పు పడతాం? వచ్చే ఏడాది పెంతెకొస్తు జూన్ 8న వస్తోంది, మృగశిర కార్తె వచ్చే రోజుల్లోనే. దానికి మూడు రోజుల తర్వాత ఏరువాక పున్నమి. పరిశుద్ధాత్మను నీళ్లతో పోల్చి ప్రభువు చెప్పిన మాట యోహాను ఏడో అధ్యాయంలో ఉంది. ఎండిన కాలువ గట్టు మీద నిలబడి ఆ అధ్యాయం చదివితే దానికి మా వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చేదే మాకు బాగా ఇష్టమైన కాలం. దానికి గొప్ప పేరేమీ లేదు. త్రిత్వ ఆదివారం తర్వాత రెండోది, ఏడోది, పదిహేనోది అని లెక్కపెట్టుకుంటూ పోవడమే. బల్ల మీద గుడ్డ రంగు ఆకుపచ్చ. జూన్ నుంచి నవంబర్ చివర దాకా. మన సార్వా పంట కూడా సరిగ్గా అంతే గదా! జూన్‌లో నారుమడి, జూలై ఆగస్టుల్లో నాట్లు, కలుపు, ఎరువు, పొట్ట, ఈనిక, నవంబర్‌లో కోత. రోడ్డుకి దక్షిణాన మందిరం కిటికీలోంచి చూస్తే బల్ల మీద ఏ రంగో చేలోనూ అదే రంగు. ఆ అయిదారు నెలల్లో పండుగ లేదు, ఫ్లెక్సీ లేదు, స్పెషల్ స్పీకర్ లేడు. సంఘం పెరిగేది మాత్రం అప్పుడే. ఈ సంవత్సరం సెప్టెంబర్ 1 అలాంటి పేరు లేని ఆదివారమే. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది ఆ రోజే. ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. మరుసటి రోజు నుంచి మన స్త్రీల సమాజం అక్కయ్యలు పులిహోర కలిపి పొట్లాలు కట్టి పంపించారు. సమరయుడి ఉపమానం మీద ఆ ఏడాది ప్రత్యేకంగా ప్రసంగం అవసరం లేకపోయింది.

ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుందని సండే స్కూలు పిల్లలు అడుగుతుంటారు. మీ అమ్మమ్మ అయితే చిటికెలో చెప్పేస్తుంది, చంద్రుణ్ణి బట్టి అని. పస్కా పున్నమి నాడు వచ్చేది. సంఘాలన్నీ ఒకే ఆదివారం చేయాలని 325లో నీకయా మహాసభ తీర్మానించింది. మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. పున్నమి ఆదివారమే పడితే తర్వాతి ఆదివారం. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా రావచ్చు. వచ్చే ఏడాది ఉగాది మార్చి 30, చైత్ర పున్నమి ఏప్రిల్ 12, ఈస్టర్ ఏప్రిల్ 20. మన పంచాంగమూ చంద్రుణ్ణే చూస్తుంది గనుక కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. ప్రభువు గెత్సెమనే తోటలో మోకరించిన రాత్రి వెన్నెల ఉంది. చీకట్లో పట్టుకుపోలేదు ఆయన్ని, శిష్యుల మొహాలు కనపడే వెలుగులో పట్టుకుపోయారు. నిద్రపోతున్న మొహాలు.

శ్రమల దినాలు వచ్చే ఏడాది మార్చి 5 బుధవారం మొదలు. నలభై ఆరు రోజుల్లో ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. ఆ రోజుల్లోనే నూజివీడు తోటల్లో పూత రాలి పిందె కడుతుంది. పూత మొత్తం నిలిస్తే కొమ్మ విరుగుతుంది, రాలాల్సింది రాలాలి. శుభ శుక్రవారం నాటికి కాయ, ఈస్టర్ దాటాక రసాలు. ఇంతకంటే మంచి పాఠం చెప్పే చెట్టు యెరూషలేములో కూడా లేదేమో. పస్కా వారంలో యూదులు యవల మొదటి పనను తెచ్చి యాజకుడి చేతికిచ్చేవారని లేవీయకాండంలో చదువుతాం. పౌలు క్రీస్తును ప్రథమఫలం అన్నాడు. పన అంటే ఏమిటో విజయవాడ పిల్లలకు చెప్పాల్సి వస్తుంది గాని మనవాళ్లకు చెప్పాలా?

ఈ దినాల్ని మనవాళ్లు ఆచరించే తీరు మీద మాత్రం పెద్దాయనతో మేమూ ఏకీభవిస్తాం. నలభై రోజులు మాంసం మానేశామంటారు, కొల్లేటి కొర్రమేను రోజూ ఇంటికొస్తుంది. కోడి కంటే కొర్రమేను ఖరీదు, అది ఉపవాసం ఎలా అవుతుంది తమ్ముడూ? మందు మానేసి, ఈస్టర్ తెల్లవారుఝామున సమాధుల దగ్గర కొవ్వొత్తి పట్టుకుని నిలబడి, మధ్యాహ్నానికి మళ్లీ మొదలుపెట్టేవాళ్లున్నారు. ఇంటివాళ్లు ఆ నలభై రోజులూ నెమ్మదిగా పడుకుని, నలభై ఒకటో రోజు కోసం భయపడుతూ గడుపుతారు. యెషయా 58 చదవండి, దేవుడికి ఇష్టమైన ఉపవాసం ఏమిటో ప్రవక్త మొహమాటం లేకుండా చెప్పాడు. కట్లు విప్పడం, ఆకలిగొన్నవాడికి పెట్టడం. మన స్త్రీల సమాజం రోజుకొక పిడికెడు బియ్యం తీసి పెడుతుంది, మాకు తెలిసిన ఉపవాసాల్లో నిజమైనది అది.

ఇప్పుడు సెమీ క్రిస్మస్. తమ్ముడి ప్రశ్నకు వస్తున్నాం.

డిసెంబర్ మన దగ్గర కోతల నెల. పనలు చేలో ఉంటాయి, కుప్పలు పడుతుంటాయి, కోత మిషన్ల కోసం రైతులు ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు, సర్వీసు రోడ్ల పొడుగునా బరకాల మీద ధాన్యం ఆరుతుంటుంది. తేమ పదిహేడు శాతం దాటితే కొనరు. ఆకాశం వైపు చూడని మనిషి ఉండడు. ఆగమన కాలం అంటే అదే, ఆకాశం వైపు చూడడం. మెలకువగా ఉండండి, ఆయన ఎప్పుడు వస్తాడో తెలియదు అని ప్రభువు చెప్పిన భాగాలే ఆ మొదటి ఆదివారం చదువుతాం. పోయిన ఏడాది ఆగమన కాలపు మొదటి ఆదివారం డిసెంబర్ 3. మంగళవారం 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం మనం ఏం చూశామో మర్చిపోలేదు గదా. పనలు నీళ్లలో తేలాయి. కోసినది మొలకెత్తింది. కౌలు రైతులు గట్టు మీద కూర్చుని మాట్లాడకుండా ఉన్నారు. మన సంఘంలో సొంత ఎకరం ఉన్నవాళ్లు తక్కువ, కౌలుకి చేసేవాళ్లూ కూలికి వెళ్లేవాళ్లే ఎక్కువ, దెబ్బ ముందు వాళ్లకే.

అదే వారంలో చుట్టుపక్కల స్టేజీల మీద రంగు లైట్లు వెలిగాయి, రక్షకుడు పుట్టాడు చప్పట్లు కొట్టండి అన్నారు. ఆ పిలుపులో అబద్ధం లేదు. కాని ఆ కౌలు రైతు చేతులు లేవలేదు. అతనికి ఆ వారం కావలసింది వేరే పాట. ప్రభువా ఎంతకాలం అని అడిగే పాట. సంఘం ఆ నాలుగు వారాలూ అడగడానికే పెట్టింది. జెకర్యా మూగవాడై కూర్చున్న నెలలు, ఎలీసబెతు బయటికి రాని నెలలు, సుమెయోను ముసలితనం, అన్న విధవరాలి ఎదురుచూపు. సెమీ క్రిస్మస్ ఆ నాలుగు వారాల్నీ మింగేసింది. 25 వచ్చేసరికి పాటలు పాతబడతాయి, బిర్యానీ మొహం మొత్తుతుంది, పాస్టర్ గొంతు పోతుంది. అసలు పండుగ పన్నెండు రోజులు, జనవరి 6 ప్రత్యక్షత పండుగ దాకా. మనం 26 సాయంత్రానికి నక్షత్రం దించేస్తున్నాం.

ఆ ప్రత్యక్షత పండుగ మనకు ఎంత ముఖ్యమైందో ఒక మాట. తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు, యూదులు కానివాళ్లు, బిడ్డ ముందు సాగిలపడిన రోజది. అంటే మన రోజు. దోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన పెద్ద గుడికి పెట్టిన పేరు ఆ పండుగ పేరే. మన డెల్టాలో చాలా సంఘాలు ఒకప్పుడు ఆ డయాసిస్ కిందివే. మన ముత్తాతలు చందాలు వేసి కట్టుకున్న గుడి పేరులో ఉన్న పండుగ ఈరోజు మన పిల్లలకు తెలియదు, సెమీ తెలుసు.

ఎదురుచూడడం మనవాళ్లకు చేతకాక కాదు. పక్కింటి అబ్బాయి నవంబర్‌లో అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా తిరుగుతాడు, తెల్లవారుఝామున చన్నీళ్లు పోసుకుంటాడు, నేల మీద పడుకుంటాడు, లారీ తోలుతూ కూడా నియమం తప్పడు. అతని విశ్వాసం వేరు, మన విశ్వాసం వేరు. కాని రోజులు లెక్కపెట్టుకుని ఒకదాని కోసం సిద్ధపడడం అంటే ఏమిటో అతనికి తెలుసు. అదే రోజుల్లో మనం ఊరూరా విందులు తింటూ తిరుగుతుంటే, మీ పండుగ ఎప్పుడన్నా అని అతను అడిగితే మనం ఏమి చెప్పాలి?

డబ్బు సంగతి కూడా చెప్పకపోతే ఈ రాత సగమే అవుతుంది. ఒక సెమీ క్రిస్మస్‌కి స్టేజీ, సౌండు, లైట్లు, భోజనాలు, శాలువాలు, ముఖ్య అతిథి. ఎవరి చందా అది? ఇంటికింత అని రాస్తారు, రాయకపోతే చిన్నతనం. పిల్లలకు డ్యాన్సు బట్టలు ఒకటి, క్రిస్మస్ కొత్త బట్టలు ఇంకొకటి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పండుగ చేసి, మినుము తీతల కూలీ డబ్బుతో ఏప్రిల్ దాకా తీర్చుకుంటున్న ఇళ్లు మన సంఘంలో ఉన్నాయి. పశువుల పాకలో పుట్టినవాడి పేరు మీద. పేర్లు రాయం, ఆ ఇళ్లలో మేము ప్రార్థన చేసి వచ్చాం. తమ్ముడూ, నీకు స్టేజీ కావాలి, నీ ఉత్సాహం మంచిదే. ఆ అప్పుల మీద వేసే స్టేజీ మాత్రం మన మందిరం ముందు వద్దు.

పండుగలు డబ్బున్నవాళ్లకే అయిపోవడం డిసెంబర్‌తో ఆగలేదు. శుభ శుక్రవారం సెలవు దినం అంటారు. బ్యాంకు వాళ్లకు సెలవు, బడి పిల్లలకు సెలవు. చేపల చెరువు కాపలా వాడికి, కోళ్ల ఫారంలో పనిచేసే దంపతులకు, రోడ్డు పక్క హోటల్లో గిన్నెలు కడిగే అక్కకు ఏ సెలవు? పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం మనం ఏసీ పెట్టుకుని చేసుకుంటున్నాం, ఆ మూడు గంటలూ సిలువ మీద ఉన్నవాడి గురించి, వాళ్లు రాలేకపోతున్నారు. వచ్చే ఏడాది ఏప్రిల్ 18న రాత్రి ఎనిమిదికి ఇంకొకసారి చేద్దామని పెద్దలు ఒప్పుకున్నారు. ఆలస్యంగా వచ్చిన పనివాడికీ అదే దేనారం ఇచ్చిన యజమాని గురించి వాళ్లకు మేము చెప్పనక్కర్లేదు, వాళ్లే మాకు చెబుతారు.

సమాధుల పండుగ గురించి కూడా పెద్దాయనకు అభ్యంతరం ఉంది. చనిపోయినవారి కోసం ప్రార్థన చేయడం లేఖనానుసారం కాదంటారు. మేమూ చనిపోయినవారి కోసం ప్రార్థించం, బ్రతికి ఉన్నవారి కోసం ప్రార్థిస్తాం. ఈ నవంబర్ 2న శ్మశానం శుభ్రం చేసి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించాం. హైవే మీద ఈ ఏడాది కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి అక్కడ మొదటిసారి గట్టిగా ఏడ్చింది. ఆదివారం ఆరాధనలో ఆమె ఏడిస్తే, విశ్వాసం లేదా అమ్మా, ప్రభువు దగ్గర ఉన్నాడు గదా అని ఓదార్చేవాళ్లం ఎక్కువ. ఆ సాయంత్రం ఎవరూ అలా అనలేదు. అందరి చేతుల్లో కొవ్వొత్తి ఉంది, అందరికీ ఒక సమాధి ఉంది. లాజరు సమాధి దగ్గర ప్రభువు కూడా, లేపబోతున్నాడని తెలిసీ, ఏడ్చాడు. అలా ఏడవడానికి ఏడాదిలో ఒక సాయంత్రం ఉండనివ్వండి పెద్దాయనా.

గుణదల సంగతి అడిగినవాళ్లకు కూడా ఒక మాట. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మన జంక్షన్ మీదుగా కొండకు నడిచి వెళ్లే జనాన్ని చూసి మనవాళ్లు కొందరు ఎగతాళి చేస్తారు. 1924లో అక్కడ మరియమ్మ స్వరూపం పెట్టిన దగ్గర నుంచి వందేళ్లుగా వెళుతున్నారు. వాళ్లతో మనకు సిద్ధాంతంలో తేడా ఉంది, దాన్ని దాచం. బొబ్బలెక్కిన కాళ్లతో నడిచేవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి సిద్ధాంతం అడ్డు రాదు. పోయిన ఫిబ్రవరిలో యవ్వనస్థులే చలివేంద్రం పెట్టారు. ఈసారీ పెడితే సంతోషం.

పెద్దల కూటంలో చివరికి నిర్ణయమైనవి ఇవి. డిసెంబర్ 1, 8, 15, 22 ఆదివారాలు ఆగమన కాలపు ఆరాధనలు. నాలుగు కొవ్వొత్తులు, వారానికొకటి వెలిగిస్తాం. వెలిగించేది ఆ వారం కోత పూర్తయిన ఇంటివాళ్లు, కోత పోయిన ఇల్లు ఉంటే ముందు వాళ్లు. బుధవారం రాత్రి ప్రార్థన ఏడున్నరకు బదులు ఎనిమిదిన్నరకు, కుప్ప నూర్చుకుని స్నానం చేసి వచ్చేవాళ్ల కోసం. పిల్లల పాటలు, నాటిక, తమ్ముళ్లు అడిగిన స్టేజీ ప్రోగ్రాం డిసెంబర్ 29 ఆదివారం సాయంత్రం, పండుగ రోజుల్లోనే, మందిరం ఆవరణలో, ఉన్న మైకుతో. దానికి ఇంటింటి చందా లేదు. జ్ఞానుల నాటిక మాత్రం జనవరి 6 సోమవారం రాత్రి, నక్షత్రం అప్పటిదాకా దించవద్దు.

బ్రదరన్ పెద్దాయన ఆగమన కాలం కొవ్వొత్తి వెలిగించనన్నారు, వెలిగించమని ఎవరూ బలవంతం చేయడం లేదు. నాలుగు ఆదివారాలూ వాక్యం మాత్రం ఆయనే చదువుతానన్నారు. మొదటి ఆదివారానికి యెషయా రెండో అధ్యాయం మొదటి అయిదు వచనాలు, మత్తయి 24వ అధ్యాయం 36 నుంచి 44 దాకా. ముందుగా ఇంట్లో ఒకసారి చదువుకుని రండి. కోత మిషన్ శనివారం రాత్రి దొరికినవాళ్లు ఉదయం ఆలస్యమైనా ఫర్వాలేదు, బట్టలు మార్చుకోకుండానైనా రండి.